ఇంట్లో ఒకరికి బోదకాలు ఉంటే మిగిలినవారు మాత్రలు ఎందుకు మింగాలి?

దేవరకొండ వైపు పల్లెలో ఉంటున్న ఒక సోదరి అడిగిన ప్రశ్న సారాంశం ఇది: "మా అత్తగారికి చాలా ఏళ్లుగా ఎడమ కాలు బోదకాలు. వానాకాలంలో రెండు మూడు సార్లు చలిజ్వరం వచ్చి కాలు ఎర్రబడుతుంది. అందరం ఒకే ఇంట్లో ఉంటాం, ఇద్దరు చిన్న పిల్లలున్నారు. ఆమె నుంచి వాళ్లకు అంటుకుంటుందా? ఆశా కార్యకర్త మాత్రలు తెచ్చి ఇస్తే, జబ్బు లేనివాళ్లకు మందేమిటని మావారు పారేశారు. ఇదంతా ఫ్లోరైడు నీళ్ల వల్లేనని ఊళ్లో కొందరంటున్నారు. ఆపరేషన్ చేస్తే కాలు తగ్గుతుందా?"

అమ్మా, నేను డాక్టరును కాను. నల్గొండ, పాలమూరు జిల్లాల్లో ఫైలేరియా, అంటే ఈ బోదకాలు జబ్బు, నివారణ పనిలో ల్యాబ్ టెక్నీషియన్‌గా ఉండి రిటైరయ్యాను. రాత్రిపూట ఊళ్లు తిరిగి వేళ్ల నుంచి రక్తం తీయడం, పగలు ఆ స్లైడ్లను మైక్రోస్కోపు కింద పెట్టి చూడడం నా ఉద్యోగం. కాబట్టి మీ అత్తగారికి ఏ మందు, ఎంత మోతాదు అన్న విషయంలో చివరి మాట మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరుదే. పురుగు గురించి, దోమ గురించి మాత్రం నేను చెప్పేది ధైర్యంగా నమ్మవచ్చు.

మీ అత్తగారి నుంచి పిల్లలకు రాదు. ముట్టుకుంటే రాదు, ఒకే పళ్లెంలో తింటే రాదు, ఒకే మంచం మీద పడుకున్నా రాదు. తల్లి నుంచి బిడ్డకు పుట్టుకతో వచ్చేదీ కాదు. ఆమె మనవళ్లను ఎత్తుకోవచ్చు, వంట చేయవచ్చు. ఇప్పటికే ఆమె చెంబు, దుప్పటి వేరుగా పెట్టి ఉంటే దయచేసి ఈ రోజే కలిపేయండి. ఆమెకు కాలి బరువుకన్నా అది ఎక్కువ బాధ.

ఇక మీరు ఊహించని మాట ఒకటి. మీ ఇంట్లో దోమకు పురుగును అందించే మనిషి ఎవరైనా ఉంటే, అది కాలు వాచిన అత్తగారు కాకపోవడానికే అవకాశం ఎక్కువ. ఏ జబ్బూ లేదని మాత్రలు పారేసిన మీవారే కావచ్చు. కోపం తెచ్చుకోవద్దని ఆయనకు చెప్పండి. ఎందుకో వివరిస్తాను.

ఈ వ్యాధికి కారణం సన్నని తెల్లటి దారపు పురుగు. శాస్త్రీయ నామం ఉకరేరియా బాన్‌క్రాఫ్టై. మన దేశంలో ఫైలేరియా దాదాపు అంతా దీనిదే. కేరళ వంటి కొద్ది చోట్ల బ్రూజియా మలయి అనే దీని దాయాది కూడా ఉంది. ఆడ పురుగు ఎనిమిది నుంచి పది సెంటీమీటర్లు, మగది నాలుగు సెంటీమీటర్ల పొడవు ఉంటాయి. రెండూ కలిసి మన శోషరస నాళాల్లో కాపురం పెట్టి ఆరు నుంచి ఎనిమిదేళ్లు బతుకుతాయి. ఆ కాలమంతా ఆడ పురుగు లక్షల కొద్దీ పిల్లలను రక్తంలోకి వదులుతూనే ఉంటుంది. వీటినే మైక్రోఫైలేరియాలంటాం. ఒక్కోటి పావు మిల్లీమీటరు ఉంటుంది, కంటికి కనిపించదు.

శోషరసం అంటే ఏమిటో చెప్పకపోతే కాలు ఎందుకు వాస్తుందో అర్థం కాదు. సాగర్ ఎడమ కాలువ కింద వరి వేసేవాళ్లకు తెలుసు: పొలానికి నీరు తెచ్చే కాలువ ఒకటుంటే, మిగులు నీటిని బయటికి తీసే మురుగు కాలువ ఇంకొకటి ఉండాలి. రెండోది పూడుకుపోతే పొలం ఊటెక్కుతుంది. ఒంట్లోనూ అంతే. రక్తనాళాల నుంచి కండలోకి ఊరిన నీటిలో మిగిలినదాన్ని వెనక్కి తీసుకుపోయేవి శోషరస నాళాలు. పురుగులు కాపురం పెట్టిన చోట ఆ నాళాలు సాగిపోయి, వాటి లోపలి కవాటాలు పనిచేయడం మానేస్తాయి. కాలు కింది నుంచి పైకి నీరు ఎక్కించడం కష్టం కనుక అక్కడే ముందు నిలిచిపోతుంది. మగవారిలో వృషణాల చుట్టూ నీరు చేరితే వరిబీజం. కొద్దిమందిలో చేతులు, రొమ్ములు కూడా వాస్తాయి. ఇంకొందరిలో మూత్రం పాలలా తెల్లగా వస్తుంది.

అయితే పురుగు చేరిన మర్నాడే కాలు వాయదు. చిన్నప్పుడే పురుగు చేరి, పెద్దయ్యాక ఎప్పుడో వాపు బయటపడుతుంది. చాలామందిలో అసలు ఎప్పటికీ బయటపడదు. పురుగులు లోపలుంటాయి, పిల్లలను కంటాయి, మనిషి మాత్రం పొలానికి పోతాడు, కబడ్డీ ఆడతాడు, పెళ్లి చేసుకుంటాడు. రాత్రిపూట నేను తీసిన స్లైడ్లలో మైక్రోఫైలేరియా కనిపించింది ఎక్కువగా ఇలాంటివారిలోనే. బాగా ముదిరిన బోదకాలు ఉన్నవారి స్లైడులో అది కనిపించడం అరుదు. అప్పటికి పెద్ద పురుగులు చచ్చిపోయి ఉంటాయి, లేదా వాటి పిల్లలు రక్తం దాకా చేరవు. మిగిలేది అవి పాడుచేసి పోయిన నాళాలే. ఊరంతా జాలిగానో భయంగానో చూసేది కాలు వాచిన మనిషిని. దోమ మాత్రం ఎవరి దగ్గర పురుగు ఎక్కించుకుంటుందో ఆ మనిషిని ఎవరూ అనుమానించరు. మా పనిలో ఉన్న చిక్కంతా ఇదే.

రాత్రిపూటే రక్తం ఎందుకు తీస్తామని చాలామంది విసుక్కుంటారు. న్యాయమే, నిద్రపోతున్న మనిషిని లేపి వేలు గుచ్చుతామంటే ఎవరు సంతోషిస్తారు? కానీ ఈ మైక్రోఫైలేరియాలకు ఒక విచిత్రమైన అలవాటు ఉంది. పగలు ఊపిరితిత్తుల రక్తనాళాల్లో దాక్కుంటాయి. రాత్రి పది దాటాక చర్మం దగ్గరి సన్నని రక్తనాళాల్లోకి వస్తాయి, రెండింటి దాకా అక్కడే తిరుగుతాయి. వీటిని మోసే క్యూలెక్స్ దోమ కుట్టేదీ ఆ వేళలోనే. అందుకే రాత్రి పది నుంచి రెండు మధ్య తీసిన చుక్కే మాకు పనికొస్తుంది. మర్నాడు స్లైడు మీది ఆ రక్తపు పూతను నీళ్లలో ఉంచి ఎర్రదనం పోగొట్టి, జేఎస్‌బీ అనే రంగు వేసి చూస్తే పైన సన్నని తొడుగుతో, ఒంటి నిండా ఉండే కణ కేంద్రకాల చుక్కలు తోక కొసన మాత్రం లేకుండా పురుగు పిల్ల కనిపిస్తుంది. ఆ చుక్కలు తోక కొసన కూడా ఉంటే అది బ్రూజియా. మధ్యాహ్నం పట్నంలో రక్త పరీక్ష చేయించుకుని, స్లైడులో ఏమీ లేదన్నారని నిశ్చింతగా ఉండేవాళ్లను చూస్తే నాకు గాబరా. పగటి స్లైడుకు విలువ లేదు. పురుగు ఉనికిని పగలైనా పట్టే చిన్న పట్టీ పరీక్ష ఇప్పుడు వచ్చింది. అది పెద్ద పురుగు విడిచే పదార్థాన్ని గుర్తిస్తుంది కాబట్టి వేళతో పని లేదు.

ఇంకో వింత. 1881లో లండన్‌లో మెకంజీ అనే వైద్యుడు ఒక ఫైలేరియా రోగిని పగలు పడుకోబెట్టి రాత్రి మేల్కొలిపి ఉంచితే, కొద్ది రోజుల్లో పురుగులూ తమ వేళను తలకిందులు చేసుకున్నాయి. అంటే అవి చూసేది గడియారాన్ని కాదు, మన నిద్రను. మీ ఇంట్లో రాత్రి కాపలా పనికి పోయి పగలు పడుకునేవారు ఎవరైనా ఉంటే, రక్తం తీసేవారికి ఆ సంగతి ముందే చెప్పాలి.

దోమ సంగతికి వద్దాం. 1877లో చైనాలోని అమోయ్ రేవులో పనిచేస్తున్న పాట్రిక్ మాన్సన్ అనే వైద్యుడు, రక్తంలో ఈ పురుగు పిల్లలున్న తన తోటమాలిని దోమలున్న గదిలో పడుకోబెట్టి, ఆ దోమలను కోసి చూశాడు. వాటి లోపల పురుగు ఎదుగుతూ కనిపించింది. మనిషి జబ్బు పురుగు కీటకంలో ఎదుగుతుందని అలా తొలిసారి తేలింది. ఇరవై ఏళ్ల తర్వాత, 1897లో మన సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ మలేరియా గుట్టు విప్పడానికి వెనక నుంచి ప్రోత్సహించింది ఈ మాన్సనే. మలేరియా కథ తెలిసినంతగా ఫైలేరియా కథ జనానికి తెలియదు, కానీ వరసలో ముందుది ఇదే.

దోమ పీల్చిన మైక్రోఫైలేరియా దాని ఒంట్లో పది నుంచి పద్నాలుగు రోజుల్లో ఎదిగి, మనిషికి సోకే దశకు వస్తుంది. ఇక్కడ మలేరియాకూ దీనికీ పెద్ద తేడా ఉంది. మలేరియా క్రిమి దోమలో వేల రెట్లు పెరుగుతుంది. ఈ పురుగు అలా పెరగదు. ఒకటి లోపలికి పోతే, బతికి బట్టకడితే ఆ ఒక్కటే బయటికి వస్తుంది. పైగా దోమ దీన్ని సూదిమందులా లోపలికి ఎక్కించదు. కుట్టేటప్పుడు పురుగు చర్మం మీద పడుతుంది, కుట్టిన రంధ్రం వెతుక్కుని అదే పాక్కుంటూ దూరాలి. దారిలో ఎండిపోయి చచ్చేవే ఎక్కువ. లోపలికి పోయినా ఆడ, మగ రెండూ ఒకచోట కలవాలి. అందుకే నెలల తరబడి, వందల సార్లు పురుగున్న దోమ కుడితే గాని ఈ వ్యాధి నిలదొక్కుకోదు. చుట్టపు చూపుగా రెండు రాత్రులు పడుకున్నంత మాత్రాన సాధారణంగా రాదు. ఏళ్ల తరబడి ఆ ఊళ్లోనే పడుకునేవాళ్లకు వస్తుంది, అంటే మీ పిల్లలకు. పుట్టింటి నుంచి వచ్చే మీ చెల్లెలి గురించి మీరు భయపడనక్కర లేదు గాని, మీ పిల్లల గురించి పట్టించుకోవాలి.

ఇంత కష్టపడి పాకే పురుగు కనుకే దీన్ని ఊరి నుంచి తరమడం సాధ్యం. రక్తంలో పురుగు పిల్లలు లేకుండా కొన్నేళ్లు ఊరంతటినీ ఉంచగలిగితే దోమకు ఎక్కించుకునేందుకు ఏమీ దొరకదు. దోమలు ఉంటాయి, కుడతాయి, ఫైలేరియా మాత్రం పోతుంది. ఆశా కార్యకర్త ఇల్లిల్లూ తిరిగి మాత్రలు మింగించేది ఇందుకోసం. జబ్బు లేనివాడికి మందేమిటని మీవారు అడిగారు కదా, జబ్బు ఉందో లేదో పగలు, ఆరోగ్యంగా, మంచం మీద కూర్చున్న మనిషిని చూసి ఎవరూ చెప్పలేరు. ఊళ్లో అందరికీ రాత్రి స్లైడు తీయడం అయ్యే పని కాదు. కనుక అందరికీ మందు.

ఆ మందు పేరు డీఈసీ, డైఇథైల్‌కార్బమజైన్. దీని వెనక మన తెలుగువాడున్నాడు. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ సంస్థలో పరిశోధన విభాగానికి అధిపతిగా ఉన్నప్పుడు, ఆయన నేతృత్వంలోని బృందమే 1947లో దీన్ని హెట్రజాన్ పేరుతో బయటికి తెచ్చింది. మరుసటి ఏడాదే ఆయన చనిపోయారు. మన పల్లెల్లో ఇన్ని కోట్ల మంది మింగిన మాత్ర వెనక ఒక తెలుగు శాస్త్రవేత్త ఉన్నారని చెబితే, మాత్ర పక్కన పెట్టిన కొందరు పెద్దమనుషులు తిరిగి తీసుకోవడం చూశాను. ఏ కారణంతో మింగినా పురుగుకు తేడా తెలియదు.

మోతాదు ఇది: రెండు నుంచి ఐదేళ్ల పిల్లలకు వంద మిల్లీగ్రాముల డీఈసీ మాత్ర ఒకటి, ఆరు నుంచి పద్నాలుగేళ్ల వారికి రెండు, పదిహేను దాటినవారికి మూడు. దాంతోపాటు నాలుగు వందల మిల్లీగ్రాముల ఆల్బెండజోల్ ఒకటి నమిలి మింగాలి. పరగడుపున వద్దు, తిన్న తర్వాతే. రెండేళ్ల లోపు పిల్లలకు, గర్భిణులకు, మంచం పట్టినంత తీవ్ర జబ్బులో ఉన్నవారికి ఇవ్వరు. కొన్ని జిల్లాల్లో ఐవర్‌మెక్టిన్ అనే మూడో మందు కూడా కలిపి, ఎత్తు కొలిచి ఇస్తున్నారు. ఆశా కార్యకర్త తన ఎదుటే మింగమని పట్టుబడితే ఆమెను కసరకండి. "తర్వాత వేసుకుంటాలే" అని తీసుకున్న మాత్రల్లో సగం గూట్లోనే ఉంటాయని ఆమెకు తెలుసు.

మింగాక కొందరికి జ్వరం, తలనొప్పి, ఒళ్లు నొప్పులు, వికారం వస్తాయి. ఊళ్లో గొడవంతా ఇక్కడే మొదలవుతుంది: "బాగున్న మనిషికి మందు ఇచ్చి పడగొట్టారు." నిజానికి ఒంట్లో పురుగు లేనివారికి ఈ మందుతో పెద్దగా ఏమీ కాదు. రక్తంలో పురుగు పిల్లలు ఎక్కువగా ఉన్నవారిలో అవి ఒక్కసారిగా చావడంతో ఒళ్లు అలా స్పందిస్తుంది. ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది, పారాసిటమాల్ చాలు. తగ్గకపోయినా, ఆయాసం వంటిది వచ్చినా ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి. మాత్ర వేసుకుని జ్వరం తెచ్చుకున్న మనిషే ఆ ఊళ్లో అందరికన్నా ఆ మాత్ర అవసరమైన మనిషి.

ఇన్నేళ్లు మింగినా పోలేదేమిటని అడుగుతారు. ఒక్క మోతాదుతో పెద్ద పురుగులన్నీ చావవు. పిల్లలు చస్తాయి, మిగిలిన పెద్దవి కొంతకాలానికి మళ్లీ కంటాయి. పెద్ద పురుగు ఆయుష్షు ఏళ్లలో ఉంటుంది కనుక ఏటా ఒకసారి చొప్పున కనీసం ఐదేళ్లు, మొత్తం జనాభాలో వందకు 65 మందికి తగ్గకుండా నిజంగా మింగాలి. రిజిస్టరులో ఎక్కితే చాలదు, గొంతు దిగాలి. ఆ తర్వాత ఆరేడేళ్ల పిల్లలకు పరీక్ష చేసి వ్యాప్తి ఆగిందో లేదో తేలుస్తారు. ఇటీవల పుట్టిన పిల్లల్లో పురుగు లేకపోతే కొత్తగా ఎవరికీ సోకడం లేదన్నట్టే. మనకు కూతవేటు దూరంలోని శ్రీలంక 2016లో, బంగ్లాదేశ్ 2023లో ఈ వ్యాధిని ప్రజారోగ్య సమస్యగా లేకుండా చేసినట్టు ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది. అక్కడి దోమలు మన దోమలకన్నా మంచివేమీ కావు. మన దేశం గడువులు పెట్టుకుంటూ, దాటుకుంటూ ఇప్పుడు 2027 అంటోంది.

ఫ్లోరైడు సంగతి. మన నల్గొండలో కాలికి ఏం వచ్చినా ఫ్లోరైడు మీదికి నెట్టడం అలవాటైపోయింది, దానికి కారణమూ ఉంది. మర్రిగూడ, మునుగోడు వైపు తరాల తరబడి పడ్డ బాధ చిన్నది కాదు. నీటి నుంచి ఫ్లోరైడు తీసే పటిక, సున్నం పద్ధతికి మన జిల్లా పేరే పెట్టారంటే చూడండి. కానీ ఫ్లోరైడు పళ్లను గారపట్టిస్తుంది, ఎముకలను వంచుతుంది, కీళ్లను, వెన్నును బిగదీస్తుంది. ఫైలేరియా ఎముక జోలికి పోదు. పాదం, చీలమండ దగ్గర మెత్తటి వాపుగా మొదలవుతుంది, మొదట్లో వేలితో నొక్కితే గుంట పడుతుంది, ఎక్కువగా ఒక కాలికే, రెండింటికీ వచ్చినా ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ. రెండు కాళ్లూ ఒక్కలాగే వాస్తుంటే గుండె, మూత్రపిండాలు, రక్తహీనత కూడా చూపించుకోవాలి.

తాగే నీటికీ ఫైలేరియాకూ సంబంధం లేదు, వాడి పారబోసిన నీటికి ఉంది. ఇంటింటికీ నల్లా వచ్చి ఫ్లోరైడు బెడద తగ్గింది, సంతోషమే. కానీ వచ్చిన నీరు పోయే దారి చూపలేదు. స్నానాల గది నీరు, గిన్నెలు కడిగిన నీరు వీధిలో గుంట కట్టి నల్లబడితే క్యూలెక్స్‌కు అంతకన్నా ఏం కావాలి? డెంగీ దోమ మంచి నీటిలో గుడ్లు పెడుతుంది, పగలు కుడుతుంది. ఇది మురుగు నీటిలో గుడ్లు పెడుతుంది, రాత్రి కుడుతుంది. హైదరాబాదు మురుగును మోసుకొచ్చే మూసీ పక్కన పోచంపల్లి, వలిగొండ వైపు సాయంత్రం పూట ఆరుబయట కూర్చున్నవారికి నేను దోమ గురించి ఉపన్యాసం ఇవ్వనక్కర లేదు.

మూసీని మీరు బాగుచేయలేరు గాని మీ పెరడును చేసుకోవచ్చు. అన్నిటికన్నా ముందు సెప్టిక్ ట్యాంకు చూడండి. గాలి గొట్టం పైన సన్నని జాలీ బిగించండి, నైలాను గుడ్డ కట్టినా సరే. మూత చుట్టూ పగుళ్లుంటే సిమెంటుతో పూడ్చండి. ఒక్క ట్యాంకు నుంచి వేల దోమలు వస్తాయి, ఆ గొట్టమే వాటి వీధి వాకిలి. వాడిన నీటికి ఇంకుడు గుంత తవ్వించండి. నీరు నిలిచే కాలువను వారానికి ఒకసారి ఊడ్చి పారేలా చేయండి. మన ఎండలకు గుడ్డు దోమ కావడానికి వారం పైచిలుకు పడుతుంది, ఆలోపే చెదరగొట్టాలి. పంచాయతీ పొగ బండి వచ్చినప్పుడు పిల్లలు దాని వెంట పరుగెత్తడం తప్ప పెద్ద లాభం నాకు కనిపించలేదు. ఆ క్షణాన ఎగురుతున్న దోమలు చస్తాయి, గొట్టంలోంచి సాయంత్రానికి కొత్తవి వస్తాయి. పొగకు పెట్టే ఖర్చు కాలువకు పెట్టమని గ్రామసభలో అడగండి. రాత్రి దోమతెర తప్పనిసరి, పిల్లలకు మరీ ముఖ్యం.

ఇక అసలు మీ అత్తగారి కాలు. డీఈసీ వేసుకున్నంత మాత్రాన ముదిరిన వాపు తగ్గిపోదు. అందరితోపాటు ఆమె కూడా సామూహిక పంపిణీలో మాత్ర వేసుకోవచ్చు, కానీ కాలు ఎర్రబడి జ్వరంగా ఉన్న రోజుల్లో వద్దు. ఆమె కాలును కాపాడేది మందుకన్నా సబ్బు. నేను వెటకారం చేయడం లేదు.

ఆ వానాకాలపు చలిజ్వరం పురుగు వల్ల వచ్చేది కాదు. శోషరసం నిలిచిన కాలికి సూక్ష్మక్రిములను ఎదిరించే శక్తి తగ్గిపోతుంది. నాట్లప్పుడు బురదలో తడిసి కాలి వేళ్ల సందులు మెత్తబడి పగులుతాయి. ఆ పగులు నుంచి బాక్టీరియా లోపలికి పోతుంది. వణుకుతో జ్వరం, గజ్జల్లో బిళ్ల కట్టడం, కాలు ఎర్రగా వేడిగా మారడం అందుకే. ఒక్కోసారి అలా వచ్చి తగ్గినప్పుడల్లా నాళాలు ఇంకాస్త పాడై, కాలు ఇంకాస్త లావై, చర్మం గట్టిపడి మడతలు పడుతుంది. అంటే ఆ జ్వరాలను ఆపగలిగితే కాలు పెరగడమూ చాలావరకు ఆగుతుంది.

రోజూ రాత్రి పడుకునే ముందు రెండు కాళ్లనూ మంచి నీళ్లతో, మామూలు సబ్బుతో కడగాలి. వేడినీళ్లు వద్దు. మోకాలి నుంచి కిందికి, మడతల లోపల, ప్రతి వేలి సందులో మెల్లగా, చేత్తోనే; బ్రష్షు, కొబ్బరి పీచు పెట్టి రుద్దకూడదు. తర్వాత మెత్తటి పొడి గుడ్డతో అద్దాలి. కడగడంకన్నా ఈ తడి ఆర్పడమే ముఖ్యం. వేళ్ల సందులోకి గుడ్డ దూరకపోతే సన్నని గుడ్డ పీలికనో గాజుగుడ్డనో దూర్చి తుడవండి. సందుల్లో తెల్లగా చీకినట్టుంటే డాక్టరు ఇచ్చే ఫంగస్ మందు రాయాలి, పగుళ్లకు యాంటీబయాటిక్ పూత. ఆమె అంత కిందికి వంగలేకపోవచ్చు. మీరో, మీవారో సాయం చేస్తేనే ఇది రోజూ జరుగుతుంది. మాత్రలు పారేసినందుకు జరిమానాగా మీవారికే ఈ పని అప్పగించినా నాకు అభ్యంతరం లేదు.

కూర్చున్నప్పుడు కాలు కిందికి వేలాడకుండా ముక్కాలిపీట మీద పెట్టుకోవాలి. పడుకున్నప్పుడు మంచం కాళ్ల వైపు కింద ఇటుకలు పెట్టి ఎత్తు చేయండి. గుండె జబ్బు ఉన్నవారు మాత్రం డాక్టరును అడగకుండా ఇది చేయకూడదు. కూర్చునే చీలమండను గుండ్రంగా తిప్పడం, మడమలు ఎత్తి దించడం రోజుకు కొన్నిసార్లు చేయాలి. వదులుగా, గాలి ఆడే చెప్పులు వేసుకోవాలి. గోళ్లను నేరుగా కత్తిరించాలి, మూలలు లోపలికి తవ్వకూడదు.

చలిజ్వరం వచ్చిన రోజున పద్ధతి వేరు. వ్యాయామం ఆపేసి, కాలు ఎత్తులో పెట్టి, చల్లటి నీటిలో తడిపిన గుడ్డ వేసి, నీళ్లు బాగా తాగించి, పారాసిటమాల్ ఇచ్చి, అదే రోజు ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లండి. యాంటీబయాటిక్ అవసరం పడుతుంది. ఈ సమయంలో వేడి కాపడం పెట్టడం, ఆకు పసర్లు కట్టడం, వాతలు వేయడం, బ్లేడుతో గీసి "చెడు రక్తం" తీయడం మన దగ్గర ఇంకా ఉన్నాయి. ఇవి పగులును పుండుగా మారుస్తాయి.

ఆపరేషన్ అడిగారు. వరిబీజానికైతే ఆపరేషనే సరైన వైద్యం, ప్రభుత్వ ఆసుపత్రుల్లో చేస్తారు, చేయించుకున్నవాడు మళ్లీ పనికి పోతాడు. సిగ్గుతో ఏళ్ల తరబడి పంచె కింద దాచుకుని తిరిగేవాళ్లున్నారు, మీ బంధువుల్లో ఎవరైనా ఉంటే పంపండి. కాలికి మాత్రం అంత సులువైన కోత లేదు. "ఒక్క ఆపరేషన్‌తో మామూలు కాలు" అని ఎవరైనా డబ్బు అడిగితే జిల్లా ఆసుపత్రి సర్జను అభిప్రాయం తీసుకోకుండా ఒక్క రూపాయి కట్టకండి. డాక్సీసైక్లిన్ అనే మందు గురించి కూడా వింటారు. ఈ పురుగు లోపల వోల్బాకియా అనే బాక్టీరియా బతుకుతుంది, అది లేకపోతే పురుగు కనలేదు. నాలుగు నుంచి ఆరు వారాలు వాడే ఈ మందు ఆ బాక్టీరియాను చంపి, పురుగును గొడ్రాలిని చేసి, క్రమంగా చంపుతుంది. డాక్టరు చూసి రాస్తేనే వాడాలి, గర్భిణులకు, చిన్న పిల్లలకు పనికిరాదు.

బోదకాలు బాధితులకు తెలంగాణ ప్రభుత్వం పింఛను ఇస్తోంది. మీ అత్తగారి పేరు ఆరోగ్య కేంద్రం ఫైలేరియా రిజిస్టరులో ఉందో లేదో ఏఎన్‌ఎం దగ్గర చూడండి. వాపు ఏ దశలో ఉందో డాక్టరు రాసి ఇవ్వాలి, దాన్నిబట్టే అర్హత. పాదాల సంరక్షణకు మగ్గు, టబ్బు, తువ్వాలు, సబ్బు, పూత మందు ఉన్న సంచి కూడా అడగండి; అవి సరఫరా అయినప్పుడు రిజిస్టరులో నమోదైనవారికి ఇస్తారు.

మీవారు పారేసిన మాత్రల గురించి దిగులు వద్దు, ఉపకేంద్రంలో అడిగితే మిగిలినవి ఉంటాయి, విడత అయిపోయిన తర్వాత కూడా మర్చిపోయినవారి కోసం మళ్లీ తిరుగుతారు. పాలమూరు నుంచి, దేవరకొండ నుంచి పనుల కోసం పుణె, ముంబయి, హైదరాబాదు పోయే మగవాళ్లు ఏటా ఈ పంపిణీకి దొరకరు. మీ ఇంట్లో అలాంటివారు ఎవరైనా ఉంటే పండుగకు వచ్చినప్పుడు రాత్రి పది తర్వాత ఒక స్లైడు తీయించమని ఆరోగ్య కార్యకర్తకు ముందే చెప్పి పెట్టండి. పురుగు కనిపిస్తే డాక్టరు పన్నెండు రోజుల డీఈసీ రాస్తారు, ఖర్చేమీ ఉండదు.